వైద్య పత్రికకు పంపే వ్యాసంలో రిఫరెన్సులు: సేకరణ నుంచి ప్రూఫు దాకా

1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదే వాక్యాల లేఖ ఒకటి వెలువడింది. ఆసుపత్రిలో ఉండి ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి నివారణ) మందులు వాడిన రోగుల్లో వాటికి బానిసలైనవారు చాలా అరుదని దాని సారాంశం. 2017లో అదే పత్రిక ప్రచురించిన ఒక విశ్లేషణ, ఆ లేఖను తర్వాతివారు ఎలా ఉదహరించారో లెక్కగట్టింది. మొత్తం 608 వ్యాసాలు దాన్ని పేర్కొన్నాయి. ఓపియాయిడ్లతో వ్యసనం అరుదు అనే మాటకు దాన్నే సాక్ష్యంగా నిలిపినవి వాటిలో 72 శాతం. ఆ రోగులు ఆసుపత్రిలో చేరినవారన్న కీలకమైన సంగతిని 80 శాతానికి పైగా వ్యాసాలు వదిలేశాయి. సంపుటి, పేజీ సంఖ్యలు ఎంత శ్రద్ధగా కూర్చినా ఇలాంటి లోపం బయటపడదు.

రిఫరెన్సు అనేది పాఠకుడు తానే వెళ్లి సరిచూసుకోవడానికి మనం ఇచ్చే చిరునామా. చిరునామా తప్పుల్లేకుండా రాయాలి. మనం చెప్పిన మాట అక్కడ నిజంగా ఉందో లేదో అంతకన్నా ముందే చూసుకోవాలి. మొదటి వైద్య వ్యాసం రాస్తున్న పీజీ విద్యార్థికైనా, రాసి రాసి చేయి తిరిగిన వైద్యుడికైనా ఈ క్రమం మారదు. అందుకే చుక్కలు, కామాల దగ్గరికి కాస్త ఆలస్యంగా వద్దాం.

మొదటి దశ: పత్రిక సూచనలు చదవడం

వైద్య పత్రికల్లో అత్యధికం, వచనంలో అంకెలు వేసి చివర అదే వరుసలో రిఫరెన్సులు ఇచ్చే వాంకూవర్ పద్ధతిని పాటిస్తాయి. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమై, రాతప్రతులు ఎలా ఉండాలో ఉమ్మడి నియమాలు రూపొందించుకున్నారు. అవి 1979లో వెలువడ్డాయి. ఆ బృందమే తర్వాత వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ కమిటీగా మారింది. దాని సిఫార్సులు ఇప్పటికీ తరచూ సవరణలతో వస్తుంటాయి. రిఫరెన్సుల వివరమైన నమూనాలను మాత్రం అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం అందిస్తోంది. వాంకూవర్ పద్ధతికి దగ్గరి చుట్టం లాంటిది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ శైలి. దాని కరదీపిక పదకొండో కూర్పు 2020లో వచ్చింది.

ఈ రెండింటికీ పోలికలు ఎక్కువ, తేడాలు చిన్నవి. ఇబ్బంది పెట్టేది ఆ చిన్న తేడాలే. పైగా ప్రతి పత్రికా తన సొంత సవరణలు కొన్ని చేర్చుకుంటుంది. కాబట్టి ‘రచయితలకు సూచనలు’ పేజీ తెరిచి ఈ విషయాలు ఒక కాగితంపై రాసుకోండి: వచనంలో అంకె కుండలీకరణంలో ఉండాలా, చదరపు బ్రాకెట్లలో ఉండాలా, పంక్తికి పైన చిన్న అంకెగా ఉండాలా, ఎంతమంది రచయితల పేర్లు రాశాక ‘ఎట్ ఆల్’ (తదితరులు) పెట్టాలి, డీఓఐ (వ్యాసపు శాశ్వత గుర్తింపు సంఖ్య) తప్పనిసరా, రిఫరెన్సుల సంఖ్యకు పరిమితి ఉందా.

చివరి ప్రశ్నను చాలామంది ఆలస్యంగా పట్టించుకుంటారు. పరిశోధన వ్యాసానికి 30, 40 రిఫరెన్సులు దాటకూడదనే పత్రికలు ఉన్నాయి. 70 పెట్టుకుని రాసిన చర్చా భాగంలోంచి సగం తీసేయాలంటే వాదనే కూలిపోతుంది. సంఖ్య ముందే తెలిస్తే ఏ వాక్యానికి ఆధారం అత్యవసరమో ఆలోచించుకుంటూ రాస్తారు.

సూచనల పేజీతో పాటు ఆ పత్రిక తాజా సంచికలో మీ వ్యాసం వంటిదే ఒకటి దించుకుని పక్కన పెట్టుకోండి. సూచనల్లో స్పష్టత లేని చోట అచ్చయిన వ్యాసమే దారి చూపుతుంది. మొదటిసారి పంపేటప్పుడు ఏ శైలి అయినా సరే, అంతటా ఒకేలా ఉంటే చాలు అనే పత్రికలూ పెరిగాయి. అలాంటి చోట శైలి మార్పులకు పట్టే సమయాన్ని ఆధారాలు సరిచూసుకోవడానికి వాడుకోండి.

రెండో దశ: సేకరణ, సాఫ్ట్‌వేర్

రిఫరెన్సులను చేత్తో టైపు చేయకండి. జొటెరో, ఎండ్‌నోట్, మెండలే వంటి సాఫ్ట్‌వేర్లలో ఒకటి ఎంచుకోండి. వీటిలో జొటెరో ఉచితం. సమీక్షకుల సూచన మేరకు మధ్యలో ఒక పేరా చేర్చినా, తీసినా అంకెలన్నీ వాటంతట అవే సర్దుకోవడం ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసే పెద్ద ఉపకారం.

వ్యాసం వివరాలను వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక అయిన పబ్‌మెడ్ నుంచి గానీ, డీఓఐ ఆధారంగా గానీ తెచ్చుకోండి. డీఓఐ అంటే 10తో మొదలయ్యే శాశ్వత గుర్తింపు సంఖ్య. వెబ్‌సైట్ మారినా, ప్రచురణ సంస్థ చేతులు మారినా అది పాఠకుణ్ని వ్యాసం దగ్గరికే తీసుకెళ్తుంది. పబ్‌మెడ్ ప్రతి నమోదుకూ తనదైన మరో సంఖ్య ఇస్తుంది.

తెచ్చుకున్న వివరాలను తెచ్చుకున్న రోజే సరిచూడాలి. సాఫ్ట్‌వేర్ తనకు అందినదాన్నే అచ్చుపోస్తుంది, అందినది తప్పైతే రిఫరెన్సుల పట్టిక నిండా ఆ తప్పే పరుచుకుంటుంది. ఎక్కువగా పొరపాట్లు జరిగేవి ఇవి:

- సంస్థ పేరును మనిషి పేరుగా విడగొట్టడం. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ కాస్తా ‘ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్’ అయిపోతుంది. సంస్థలకు పేరంతా ఒకే గడిలో ఉండేలా సరిచేయాలి.
- శీర్షికలో ప్రతి పదమూ పెద్ద అక్షరంతో మొదలవడం. వాంకూవర్ పద్ధతిలో మొదటి పదానికి, వ్యక్తులు, ప్రదేశాల వంటి పేర్లకు మాత్రమే పెద్ద అక్షరం.
- అచ్చుకు ముందే ఆన్‌లైన్‌లో వచ్చినప్పుడు తెచ్చుకున్న వ్యాసానికి సంపుటి, పేజీలు లేకపోవడం.
- ఒకే వ్యాసం రెండుసార్లు చేరడం. పట్టికలో 7, 23 ఒకటేనని సమీక్షకుడు గమనిస్తే మిగతా పని మీద కూడా అతని నమ్మకం సడలుతుంది.

రచయితల ఇంటిపేర్ల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఇంటిపేరు ముందు రాసే సంప్రదాయం ఉన్నవారి పేర్లను, రెండు పదాల ఇంటిపేర్లను సాఫ్ట్‌వేర్ తారుమారు చేస్తుంటుంది. అనుమానం వస్తే పబ్‌మెడ్‌లో ఆ రచయితను ఎలా నమోదు చేశారో చూసి, అదే పాటించండి. ఒకరి పేరు తప్పుగా రాయడమంటే వారి శ్రమ వారి ఖాతాలో చేరకుండా చేయడమే.

మూడో దశ: చదివినదాన్నే ఉదహరించడం

ఈ దశను దాటేసి ముందుకు వెళ్లాలన్న ఒత్తిడి చాలా ఉంటుంది. దయచేసి దాటకండి.

ఒక సమీక్షా వ్యాసంలో ‘ఈ మందు మరణాలను తగ్గిస్తుంది’ అని, పక్కన ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకెను పట్టుకుని అసలు అధ్యయనాన్ని తెరవకుండానే మన పట్టికలోకి దించేసుకోవడం మహా సులువు. తీరా తెరిచి చూస్తే ఆ అధ్యయనంలో తగ్గినది మరణాలు కాక ఆసుపత్రిలో చేరికలు కావచ్చు. వయసు పైబడినవారిలోనే ఫలితం కనిపించి ఉండవచ్చు. లేదా ఆ రచయితలు కూడా ఇంకెవరినో ఉదహరించి ఊరుకుని ఉండవచ్చు. సాధ్యమైన ప్రతిచోటా మూల పరిశోధననే నేరుగా చూపాలని అంతర్జాతీయ కమిటీ సిఫార్సు చేస్తోంది. సమీక్షా వ్యాసాలు నేపథ్యాన్ని క్లుప్తంగా చెప్పడానికి పనికివస్తాయి. ఒక నిర్దిష్టమైన సంఖ్యకు, ఒక ఫలితానికి ఆధారం మూల అధ్యయనమే.

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రిఫరెన్సు దగ్గరా నోటు రాసుకునే వీలుంటుంది. అధ్యయనం ఏ రకం, ఎవరి మీద, ఎంతమంది మీద, నేను వాడుకుంటున్న ఫలితం ఏ పేజీలో ఏ పట్టికలో ఉంది అని రెండు వరుసలు రాసుకోండి. సారాంశం మాత్రమే చదివి ఉంటే ఆ మాట కూడా రాసుకోండి, పంపేలోగా పూర్తి వ్యాసం సంపాదించాలని గుర్తుంటుంది. నెలల తర్వాత ‘ఈ వాక్యానికి ఆధారం ఎక్కడ?’ అని సమీక్షకుడు అడిగినప్పుడు ఆ రెండు వరుసలే జవాబిస్తాయి.

స్వీయ ఉదాహరణలు, అంటే సొంత పాత వ్యాసాలను ఉదహరించడం, మితంగా ఉండాలి. మీ పాత పని మీద ఇప్పటి పని నిజంగా ఆధారపడి ఉంటే తప్పక చూపండి. సంఖ్య పెంచుకోవడానికి అయితే వద్దు. మీ ఫలితానికి అనుకూలమైన అధ్యయనాలనే ఏరుకుని, వ్యతిరేకమైనవాటిని వదిలేయడం కూడా అలాంటిదే. చర్చా భాగంలో మీతో విభేదించే రిఫరెన్సులు ఒక్కటీ లేకపోతే తెలిసిన సంపాదకుడికి వెంటనే అనుమానం వస్తుంది.

నాలుగో దశ: వచనంలో అంకెలు

వాంకూవర్ పద్ధతిలో రిఫరెన్సులు అక్షరక్రమంలో ఉండవు, వచనంలో తొలిసారి కనిపించిన వరుసలో ఉంటాయి. మొదట ప్రస్తావించినది 1, తర్వాతది 2. ఒకసారి 4 అని పేరు పడిన వ్యాసం మళ్లీ ఎన్నిసార్లు వచ్చినా 4గానే ఉంటుంది.

వ్యాసంలోని సమాచార పట్టికల్లో (టేబుళ్లలో), బొమ్మల కింది వివరణల్లో మాత్రమే వచ్చే రిఫరెన్సులకు ఒక నియమం ఉంది, చాలామందికి తెలియదు. వచనంలో ‘పట్టిక 1 చూడండి’ అని తొలిసారి ఎక్కడ రాశారో, ఆ పట్టికలోని రిఫరెన్సులు ఆ స్థానం నుంచే వరుస అందుకుంటాయి. అంతకుముందు చివరి అంకె 12 అయితే పట్టికలోని కొత్తవి 13 నుంచి మొదలవుతాయి, వచనంలో ఆ తర్వాత వచ్చేవి వాటిని అనుసరిస్తాయి. పట్టికలు రాతప్రతి చివర ఉంటే సాఫ్ట్‌వేర్ ఈ సంగతి గ్రహించలేక వాటికి చిట్టచివరి అంకెలు ఇచ్చేస్తుంది. కాబట్టి దీన్ని మీరే చూసుకోవాలి.

అంకె ఎక్కడ పెట్టాలన్నది అర్థానికి సంబంధించిన విషయం. ఒకే వాక్యంలో రెండు మాటలు చెప్పి, చివర ‘(5-8)’ అని గుంపుగా పెడితే ఏ ఆధారం ఏ మాటకో పాఠకుడికి తెలియదు. ‘ఈ వ్యాధి స్త్రీలలో ఎక్కువ (5, 6), అయితే తీవ్రత పురుషులలో ఎక్కువ (7, 8)’ అని విడదీసి రాస్తే రెండు మాటలూ విడివిడిగా నిలుస్తాయి. వరుసగా మూడు లేక అంతకుమించి ఉంటే హైఫన్‌తో కలపాలి, రెండే ఉంటే కామా చాలు.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ శైలిలో అంకె పంక్తికి పైన చిన్నదిగా ఉంటుంది. అది చుక్క, కామాల తర్వాత వస్తుంది. కోలన్, సెమీకోలన్‌లకు ముందు వస్తుంది. ఈ శైలిలో పెద్ద ప్రమాదం కొలతల పక్కన పొంచి ఉంటుంది. ఒక సంఖ్యకో, చదరపు మీటరు వంటి కొలమానానికో ఆనుకుని పైన చిన్న 3 పెడితే దాన్ని ఘాతంగా చదివే వీలుంది. మోతాదుల విషయంలో ఇది ప్రమాదకరం. అలాంటి చోట వాక్యాన్ని కాస్త తిప్పి రాసి, అంకెను ఒక మాట పక్కకు జరపండి.

ఐదో దశ: రిఫరెన్సుల పట్టికలో ఒక రిఫరెన్సు

పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంపై 1950లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ప్రసిద్ధ వ్యాసాన్ని తీసుకుందాం. మీ ప్రతిలో ఇది ఆంగ్ల అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ వరుసనూ విరామ చిహ్నాలనూ గమనించండి:

డాల్ ఆర్, హిల్ ఏబీ. స్మోకింగ్ అండ్ కార్సినోమా ఆఫ్ ది లంగ్; ప్రిలిమినరీ రిపోర్ట్. బీఆర్ మెడ్ జె. 1950;2(4682):739-48.

ముందు ఇంటిపేరు, తర్వాత పొడి అక్షరాలు. వాటి మధ్య చుక్కలు ఉండవు, ఖాళీ ఉండదు. రచయితకూ రచయితకూ నడుమ కామా, చివరి పేరుకు ముందు ‘అండ్’ రాదు. రచయితలు ముగియగానే చుక్క, శీర్షిక ముగియగానే చుక్క, పత్రిక పేరు తర్వాత చుక్క. ఆపై సంవత్సరం, సెమీకోలన్, సంపుటి, కుండలీకరణంలో సంచిక, కోలన్, పేజీలు. సంవత్సరం నుంచి పేజీల దాకా ఎక్కడా ఖాళీ వదలరు. 739-748ని 739-48గా కుదించడం జాతీయ వైద్య గ్రంథాలయ పద్ధతి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ శైలిలో పూర్తిగా 739-748 అని రాస్తారు, పత్రిక పేరు వాలు అక్షరాల్లో పెడతారు, డీఓఐ ఉంటే చివర చేరుస్తారు.

పత్రిక పేర్ల సంక్షిప్త రూపాలు ఊహించి రాయకూడదు. జాతీయ వైద్య గ్రంథాలయ సూచీలో వెతికితే అధికారిక రూపం దొరుకుతుంది. లాన్సెట్, నేచర్ వంటి ఒంటిపదం పేర్లను కుదించరు. పైన ఉదాహరించిన పత్రిక 1988 నుంచి తన పేరును బీఎంజేగా మార్చుకుంది. అయినా 1950 నాటి వ్యాసానికి అప్పటి పేరే వాడాలి.

రచయితలు ఆరుగురి వరకు ఉంటే అందరి పేర్లూ రాయాలన్న నియమం విస్తృతంగా ఉంది. ఏడుగురు, అంతకుమించి ఉన్నప్పుడే తేడాలు. కొన్ని పత్రికలు మొదటి ఆరుగురిని రాసి ‘ఎట్ ఆల్’ పెట్టమంటాయి, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ శైలి మొదటి ముగ్గురితో ఆపమంటుంది. సాఫ్ట్‌వేర్‌లో సరైన శైలిని ఎంచుకుంటే ఇది దానంతట అదే జరుగుతుంది, కానీ ఎనిమిది మంది రచయితలున్న ఒక రిఫరెన్సును పట్టి చూసి నిర్ధారించుకోండి.

ఆన్‌లైన్ పత్రికల్లో చాలావాటికి ఇప్పుడు పేజీలు లేవు. వ్యాసానికే ఒక సంఖ్య ఉంటుంది. క్రమబద్ధ సమీక్షలు రాసేవారంతా ఉదహరించే ప్రిస్మా 2020 ప్రకటన (అలాంటి సమీక్షలను ఎలా నివేదించాలో చెప్పేది) బీఎంజేలో 2021;372:ఎన్71గా ఉంది. ఇక్కడ పేజీల స్థానంలో ఉన్న ‘ఎన్71’ పొరపాటు కాదు, దాన్ని అలాగే ఉంచాలి. ఆంగ్లేతర భాషలో వచ్చిన వ్యాసమైతే శీర్షిక అనువాదాన్ని చదరపు బ్రాకెట్లలో ఇచ్చి, చివర మూల భాష పేరు రాస్తారు.

ఆరో దశ: పత్రికా వ్యాసాలు కానివి

పుస్తకానికి రచయిత, పేరు, కూర్పు, ఆపై ప్రచురణ స్థలం, కోలన్, ప్రచురణకర్త, సెమీకోలన్, సంవత్సరం. సంపాదకులు కూర్చిన పుస్తకంలో ఒక అధ్యాయాన్ని వాడుకుంటే అధ్యాయం రాసినవారి పేరు ముందు ఉండాలి, ‘ఇన్’ అని రాశాక సంపాదకులు, పుస్తకం వివరాలు, అధ్యాయం పేజీలు రావాలి. ఆరొందల పేజీల పుస్తకాన్ని మొత్తంగా చూపి ఊరుకుంటే పాఠకుడికి ఒరిగేదేమీ లేదు.

వెబ్ పేజీలకు ప్రచురించిన తేదీ, మీరు చూసిన తేదీ రెండూ కావాలి. చికిత్సా మార్గదర్శకాలు, నైతిక ప్రకటనలు తరచూ మారుతుంటాయి గనుక ఏ కూర్పు అన్నది ముఖ్యం. మనుషులపై వైద్య పరిశోధనకు నైతిక నియమాలు చెప్పే హెల్సింకి ప్రకటననే చూడండి. 2013 పాఠాన్ని ఉదహరించడం ఎందరికో అలవాటైపోయింది, కానీ వరల్డ్ మెడికల్ అసోసియేషన్ 2024లో దాన్ని మళ్లీ సవరించింది. మీ అధ్యయనం ఏ పాఠాన్ని అనుసరించి జరిగిందో దాన్నే చూపాలి.

ప్రిప్రింట్లను, అంటే సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన వ్యాసాలను, వాడవచ్చు గానీ అవి ప్రిప్రింట్లని రిఫరెన్సులోనే స్పష్టంగా తెలియాలి. పీర్ రివ్యూ (తోటి నిపుణుల సమీక్ష) పూర్తయి పత్రికలో వచ్చి ఉంటే ఆ ప్రచురిత రూపాన్నే చూపండి, రెండింటి మధ్య సంఖ్యలు మారి ఉండవచ్చు. ఆమోదం పొంది ఇంకా అచ్చుకాని వ్యాసాన్ని ‘ప్రచురణలో ఉంది’ అని చూపవచ్చు. పంపి ఊరుకున్న, ఆమోదం రాని వ్యాసానికి పట్టికలో చోటు లేదు. ఎవరైనా నిపుణులు మీతో స్వయంగా చెప్పిన విషయాన్ని కూడా పట్టికలోకి ఎక్కించకూడదు. మరో ఆధారం దొరకని ముఖ్య విషయమైతే, వారి రాతపూర్వక అనుమతితో వచనంలోనే పేరు, తేదీ కుండలీకరణంలో ఇవ్వాలి.

కృత్రిమ మేధ సాధనాలు ఇచ్చిన రిఫరెన్సుల విషయంలో గట్టిగా చెప్పాలి. అవి లేని వ్యాసాలను ఉన్నట్టు సృష్టించగలవు: నిజమైన రచయితల పేర్లతో, నిజమైన పత్రిక పేరుతో, నమ్మశక్యమైన శీర్షికతో. డీఓఐ ఉన్నా అది వేరే వ్యాసానికి చెందినది కావచ్చు. అలాంటి సాధనం ఇచ్చిన ప్రతి రిఫరెన్సునూ పబ్‌మెడ్‌లో వెతికి, వ్యాసం తెరిచి చదివాకే వాడండి. ఆ సాధనం రాసిన పాఠాన్నే ప్రాథమిక ఆధారంగా చూపడం అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం ఆమోదయోగ్యం కాదు.

ఏడో దశ: ఉపసంహరించిన వ్యాసాలను ఏరివేయడం

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసం 1998లో లాన్సెట్‌లో వచ్చింది. పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించింది 2010లో. మధ్యలో 12 ఏళ్లు గడిచాయి. మరోవైపు కొవిడ్ చికిత్సలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద అదే పత్రికలో 2020 మే నెలలో వచ్చిన వ్యాసం జూన్ మొదటి వారానికల్లా ఉపసంహరణకు గురైంది. అంటే సేకరించిన నాడు నిక్షేపంగా ఉన్న ఆధారం పంపేనాటికి చెల్లకుండా పోవచ్చు.

కాబట్టి ఈ తనిఖీ రెండుసార్లు చేయాలి: సేకరించేటప్పుడు ఒకసారి, పంపే రోజున మరోసారి. ఉపసంహరించిన వ్యాసాల మీద పబ్‌మెడ్ స్పష్టమైన గుర్తు వేస్తుంది. జొటెరో, ఉపసంహరణలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ సమాచారంతో పోల్చి, మీ సేకరణలో అలాంటివి ఉంటే హెచ్చరిస్తుంది. ఉపసంహరణ గురించే మీరు రాస్తుంటే ఆ వ్యాసాన్ని ఉదహరించవచ్చు, అయితే ఉపసంహరణ ప్రకటన వివరాలు కూడా రిఫరెన్సులో చేర్చాలి. తప్పొప్పుల సవరణలు వచ్చిన వ్యాసాలనూ తెరిచి చూడండి. మీరు వాడుకున్న సంఖ్యే మారి ఉండవచ్చు.

ఎనిమిదో దశ: పంపే ముందు, పంపాక

పంపడానికి ముందు రోజు రాతప్రతిని ముద్రించుకుని, పెన్ను చేతబట్టి కూర్చోండి. మొదటి విడతలో వచనంలోని ప్రతి అంకెనూ రిఫరెన్సుల పట్టికతో జతచేస్తూ వెళ్లండి. పట్టికలో ఉండి వచనంలో లేనివి, వచనంలో ఉండి పట్టికలో లేనివి అప్పుడు తేలుతాయి. రెండో విడతలో ఒక్కో డీఓఐనీ తెరిచి అది సరైన వ్యాసానికే వెళ్తోందా అని చూడండి. సహ రచయితలు ఉంటే ఈ పనిని పంచుకోండి, కానీ తాను చేర్చిన రిఫరెన్సును తానే తనిఖీ చేయకుండా మార్చుకోండి. మన తప్పు మన కంటికి ఆనదు.

తర్వాత ఫైలును రెండు ప్రతులుగా భద్రపరచండి. ఒకటి సాఫ్ట్‌వేర్ అనుసంధానం ఉన్నది, దాన్ని ముట్టుకోవద్దు. రెండోది అనుసంధానం తొలగించి మామూలు పాఠంగా మార్చినది, పత్రికకు పంపవలసింది. అనుసంధానం తీసేసిన ప్రతి ఒక్కటే మిగిలితే, సవరణలు కోరినప్పుడు అంకెలన్నీ చేత్తో మార్చుకోవాల్సి వస్తుంది. సవరించిన ప్రతి పంపేటప్పుడు ‘సమీక్షకులకు జవాబు’ లేఖలో పేర్కొన్న అంకెలు కొత్త వరుసకు సరిపోతున్నాయో లేదో కూడా చూసుకోండి.

ఆమోదం వచ్చాక ప్రూఫులు (అచ్చుకు ముందు సరిచూడమని పంపే ప్రతులు) వస్తాయి, చాలాసార్లు రెండు మూడు రోజుల గడువుతో. ప్రచురణ సంస్థవారు రిఫరెన్సులను తమ పద్ధతిలో మళ్లీ కూర్చి ఉంటారు, అక్కడక్కడా ప్రశ్నలు రాసి ఉంటారు: ఈ వ్యాసానికి సంపుటి ఏది, ఈ రిఫరెన్సు వచనంలో ఎక్కడ ఉంది అని. ప్రతి ప్రశ్నకూ జవాబివ్వండి. ‘ప్రచురణలో ఉంది’ అని రాసినవి ఈలోగా అచ్చయ్యి ఉంటే వివరాలు నింపండి. ఒక రిఫరెన్సును తొలగించాల్సి వస్తే ఆ తర్వాతి అంకెలన్నీ ఎవరు మారుస్తారో సంపాదకులను అడిగి తెలుసుకోండి. పట్టికల్లోని అంకెలను మాత్రం మీ కళ్లతో మళ్లీ ఒకసారి చూశాకే సంతకం చేయండి.